టెన్షన్ బీపీకి మాత్ర ఎందుకు, వాన పడితే దిగుతాది అంటాడు నాయన

శెనక్కాయ చేను (ధర్మవరం పక్క):
నాయనకు 56 ఏండ్లు. ఐదెకరాల శెనక్కాయ, సగానికి పైన ఎండిపోయింది. నెల కిందట పీహెచ్‌సీలో బీపీ చూస్తే 164/98 ఉండాది. డాక్టరు ఆమ్లోడిపిన్ 5 ఎంజీ రోజుకొకటి రాసినారు. ఇంటికి మిషన్ తెచ్చినాం. ఒకసారి 128 చూపిస్తాది, పది నిమిషాలకు 152. నాయనేమో "ఇది బీపీ కాదురా, అప్పుల టెన్షను. వాన పడితే అదే దిగుతాది" అంటాడు. తల బరువుగా ఉండే రోజు మాత్రం ఒక మాత్ర మింగుతాడు. గుండె దడ ఉండాది, రాత్రిపూట కడుపులో మంట ఉండాది. టెన్షన్‌తో వచ్చే బీపీ వేరే, అసలు బీపీ వేరేనా? మిషన్‌లో ఏ అంకె నమ్మల్ల? కడుపు మంట కూడా టెన్షనేనా? తెలిసినోళ్ళు చెప్పండన్నా.

కొండారెడ్డి బురుజు:
ముందు మిషన్ సంగతి తేల్చండి. అది తేలకుండా మిగతావన్నీ గాలిమాటలే.

మణికట్టుకు కట్టే మిషన్ అయితే పక్కన పెట్టి, దండకు కట్టేది తీసుకోండి. పట్టీ కొలత ముఖ్యం. మామూలుగా వచ్చే పట్టీ దండ చుట్టుకొలత 22 నుంచి 32 సెంటీమీటర్లు ఉన్నోళ్ళకు సరిపోతుంది. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీని చూపిస్తుంది. చొక్కా చెయ్యి మీద కాకుండా ఒంటి మీదే కట్టాలి. పట్టీ కింది అంచు మోచేతి మడతకు రెండు మూడు సెంటీమీటర్లు పైన ఉండాలి.

చూసే ముందు అరగంట టీ, బీడీ, పొలం పని వద్దు. మూత్రానికి పోయి రమ్మనండి, నిండిన మూత్రాశయం కూడా అంకెను పెంచుతుంది. నులక మంచం మీద కాళ్ళు మడిచి కూర్చోబెట్టి చూడొద్దు. వీపుకు ఆనుకునే కుర్చీ, రెండు పాదాలూ నేలకు ఆని ఉండాలి, చెయ్యి బల్ల మీద గుండె ఎత్తులో ఉండాలి. అట్లా ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాకే మీట నొక్కాలి. అప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. "ఎంతొచ్చింది, ఎంతొచ్చింది" అని పక్కనుంచి అడగడం కూడా మాట్లాడటమే.

పొద్దున మాత్రకూ తిండికీ ముందు రెండుసార్లు, నిమిషం ఎడంతో. సాయంత్రం అన్నానికి ముందు మళ్ళీ రెండుసార్లు. ఇట్లా 7 రోజులు. మొదటి రోజు నాలుగు అంకెలు కొట్టేయండి. మిగిలిన 24 అంకెలకు సగటు తీయండి. ఆస్పత్రిలో గీత 140/90 అయితే ఇంట్లో గీత 135/85. నమ్మాల్సింది ఆ సగటును, ఏ ఒక్క అంకెనూ కాదు.

ఆస్పత్రిలో ఎక్కువ, ఇంట్లో మామూలు ఉండేవాళ్ళు ఉంటారు, తెల్లకోటు బీపీ అంటారు దాన్ని. దానికి తిరగబడిన రకమూ ఉంది, ఆస్పత్రిలో బాగుండి ఇంట్లో, పొలంలో పెరిగేది. అందుకే ఈ వారం లెక్క. గంటకోసారి మిషన్ తగిలించడం మాత్రం మానండి. అంకె చూసి భయం, భయానికి మళ్ళీ అంకె. దానికి అంతుండదు.

సీమ గాలి:
పరగడుపున మునగాకు రసం ఇవ్వండి. నెలలో మాత్రలే అక్కర్లేదు.

మందుల చీటీ (కడప):
మునగాకు పప్పులో వేసుకుని తినమనండి, మంచిదే. మాత్ర బదులు మాత్రం కాదు.

శెనక్కాయ చేను తమ్ముడూ, మీరు రాయని సంగతొకటి అడుగుతా. నడుముకో మోకాలికో నాయన ఏమన్నా మింగుతున్నాడా? డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పూ నీళ్ళూ నిలబెట్టి బీపీని పెంచుతాయి, బీపీ మాత్రల పనినీ తగ్గిస్తాయి. కడుపు లోపలి పొరనూ అవే తింటాయి. పేరులేని పొట్లాల్లో ఇచ్చే నొప్పి మాత్రలైతే ఇంకా జాగ్రత్త. వాటిలో స్టెరాయిడ్ ఉంటే బీపీ, షుగర్ రెండూ ఎగబాకుతాయి.

తల బరువైనప్పుడు ఒక ఆమ్లోడిపిన్ మింగడం ఎందుకూ పనికిరాదు. ఆ మందు రక్తంలో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. రోజూ వేసుకుంటే వారానికి గానీ పూర్తి పట్టు దొరకదు. తల బరువు తగ్గిందంటే అది పడుకున్నందుకు తగ్గి ఉంటుంది. బీపీ చాలామందిలో ఏ గుర్తూ చూపదు, కాబట్టి తలను చూసి మాత్ర వేసుకునే లెక్క ఎప్పుడూ తప్పుతుంది. ఒకపూట మరిస్తే అదేరోజు గుర్తొచ్చినప్పుడు వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి కాదు. చీలమండలు వాస్తే డాక్టరుకు చెప్పండి, మీకు మీరే ఆపొద్దు.

పెన్నా ఒడ్డు:
టెన్షన్ బీపీ ఒక కుప్ప, అసలు బీపీ ఇంకో కుప్ప అని లేదు. అప్పు ఇచ్చినాయన గుమ్మంలో నిలబడితే మెదడు నుంచి నరాల ద్వారా మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులకు కబురు పోతుంది. అడ్రినలిన్ క్షణాల్లో దిగి గుండెను వేగంగా కొట్టిస్తుంది, నాళాలను బిగిస్తుంది. ఆయన వెళ్ళిపోయాక కొంతసేపటికి అది సర్దుకుంటుంది. కార్టిసాల్ దారి నిదానం. అది చక్కెరను పెంచుతుంది, రోజుల తరబడి ఎక్కువగా ఉంటే ఉప్పునూ నిలబెడుతుంది.

గంటసేపు పెరిగి దిగే బీపీతో కొంప మునగదు. నెలల తరబడి ఉండే దిగులు ఎక్కువగా చుట్టుతిరుగుడు దారిలో దెబ్బ తీస్తుంది. నిద్ర పోతుంది, బీడీలు పెరుగుతాయి, తాగుడు అలవాటవుతుంది, మాత్ర మానేస్తారు. మామూలుగా రాత్రి నిద్రలో బీపీ పగటి కంటే 10 నుంచి 20 శాతం దిగాలి. పందుల కాపలాకని చేలో తెల్లవార్లూ కూర్చునే మనిషికి ఆ దిగుడు ఉండదు. 52 దేశాల్లో చేసి 2004లో వెలువరించిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం గుండెపోటుకు లెక్కగట్టిన తొమ్మిది కారణాల్లో పొగాకు, బీపీ, షుగర్ సరసన మనసు ఒత్తిడి కూడా ఉంది. అంటే టెన్షన్ అని పేరు పెట్టినంత మాత్రాన బీపీ తేలికైపోదు. వాన పడేదాకా నాళాలు ఆగవు.

కడుపు మంట సంగతి. అల్సర్ టెన్షన్ వల్లే వస్తుందని వైద్యులే చాలాకాలం నమ్మారు. హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి పాత్రను మార్షల్, వారెన్ బయటపెట్టారు, 2005లో నోబెల్ వచ్చింది. అది కాకపోతే నొప్పి మాత్రలు. ఒత్తిడి చేసేది మంటను ఎక్కువ తెలిసేలా చేయడం, అరుగుదలను తారుమారు చేయడం. మలం తారులా నల్లగా వస్తే ఆరోజే ఆస్పత్రికి పోవాలి.

దడకు ఈసీజీ, హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూపించండి. అన్నీ బాగుండి, దడ ఒక్కసారిగా లేచి పది నిమిషాల్లో తారాస్థాయికి పోయి, వేళ్ళకు పెదాలకు తిమ్మిరి పట్టి దిగిపోతుంటే అది భయం దాడి (ప్యానిక్ అటాక్) కావచ్చు. వేగంగా ఊపిరి తీయడంతో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి వచ్చే తిమ్మిరి అది. ఛాతీ బిగపట్టి, చెమట పట్టి, నొప్పి దవడకో చేతికో పాకితే మాత్రం గ్యాస్ అని సోడా తాగించి పడుకోబెట్టొద్దు, 108కి ఫోన్ చేయండి.

శెనక్కాయ చేను:
మందుల చీటీ అన్నా, నువ్వు చెప్పిందే. నడుముకు రెండు నెలలుగా రోజూ డైక్లోఫెనాక్. పరగడుపున టీతో. ఎవురూ అడగలేదు, మేమూ చెప్పలేదు. పట్టీ చొక్కా మీదే కడుతుంటిమి. ఊపిరి కసరత్తు చేస్తే తగ్గుతాదంటారు, నిజమేనా? ఉప్పు ఎట్లా తగ్గించల్ల?

కొండారెడ్డి బురుజు:
ఊపిరి పనిచేస్తుంది, కానీ తగ్గేది కొద్ది అంకెలే. మాత్రకు తోడు. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు లోపలికి, ఆరు లెక్కపెట్టేంతసేపు బయటికి. నిమిషానికి ఆరు ఊపిర్లు, పది నిమిషాలు, రోజూ. చాలామంది చేసే తప్పు బలంగా ఛాతీ నిండా పీల్చడం, దాంతో తల తిరుగుతుంది. మెల్లగా, తక్కువ గాలి చాలు. బీపీ మీద ఫలితం తెలియడానికి వారాలు పడుతుంది.

ఉప్పు రోజుకు మొత్తం 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు. సంగటిలో పెద్దగా ఉండదు. పక్కన పెట్టుకునే ఊరిబిండి, ఊరగాయ, అప్పడంలోనే ఉంటుంది. ఉగ్గాని మీదికి బజ్జీలు రోజూ వద్దు.

తుంగభద్ర (కర్నూలు):
ఒక సంగతి ఎవరూ అనలేదు. రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకుండా ఉన్నాడా? తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టడం లేదా? తిండి తగ్గిందా? "నేను లేకపోతే మీకే నయం" లాంటి మాట వచ్చిందా? ఆ మాట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. చచ్చిపోవాలనిపిస్తుందా అని నేరుగా అడగండి. అడిగితే ఆలోచన పుట్టదు, గుండె బరువు బయటికొస్తుంది. ఒంటరిగా వదలొద్దు. పురుగుమందు డబ్బాలు ఇంట్లోనూ చేలోని గుడిసెలోనూ ఉంచొద్దు, వేరేవాళ్ళ దగ్గర తాళం వేయించండి. మానసిక సాయానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అనంతపురం సర్వజన ఆసుపత్రిలో మానసిక విభాగం ఉంది. బీపీకి పోయినరోజే అక్కడా చూపించండి, రెండో ప్రయాణమని వాయిదా పడదు.

శెనక్కాయ చేను:
నిద్ర, తిండి రెండూ తగ్గినాయి అక్కా. ఆ మాట అయితే రాలేదు, అయినా నేనే అడిగినా. లేదన్నాడు, కొంచేపు ఏడ్చినాడు. డబ్బాలు చిన్నాయన ఇంట్లో పెట్టినాం.
వారం లెక్క కూడా అయ్యింది. డైక్లో ఆపి, మాత్ర రోజూ వేసుకుంటా, మీరు చెప్పినట్లే కూర్చోబెట్టి చూసినాం. సగటు 141/88. కడుపు మంట సగం తగ్గింది.

మందుల చీటీ (కడప):
రెండు మార్పులూ ఒకేసారి చేశారు, ఏది ఎంత తగ్గించిందో ఇప్పుడు చెప్పలేం. పర్లేదు. ఇంకా 135/85 పైనే ఉంది, మాత్ర మొదటి వారం కూడా ఇందులోనే ఉంది. అట్లాగే సాగించి నాలుగో వారంలో మళ్ళీ 7 రోజులు చూడండి. అంకెలు రాసిన పుస్తకం, డైక్లోఫెనాక్ ఖాళీ షీటు రెండూ డాక్టరు ముందు పెట్టండి. రెండు నెలలు మింగినందుకు మూత్రపిండాలు ఎట్లా ఉన్నాయో తెలియడానికి క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రోటీన్ చూడమని అడగండి. నడుము నొప్పికి డైక్లోఫెనాక్ బదులు ఏది వాడాలో కూడా అక్కడే రాయించుకోండి, లేకుంటే కలుపు తీసే రోజులు రాగానే మళ్ళీ అదే షీటు కొంటాడు.