అప్‌డేట్: వాలీబాల్ టీమ్‌లో చోటు దొరకని మా అమ్మాయి సంగతి

13 ఏళ్ల మా అమ్మాయి స్కూల్ వాలీబాల్ టీమ్‌కి ఎంపిక కాలేదని, గదిలోంచి బయటికే రావట్లేదని, ఏం చేయాలో చెప్పమని అప్పట్లో అడిగాను. "నచ్చజెప్పకండి, పక్కన కూర్చోండి చాలు" అన్నారొకరు. అదే చేశాను. నాలుగో రోజు రాత్రి నా ఒళ్లో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నాకూ కన్నీళ్లు ఆగలేదు.

తర్వాత కోచ్ స్కోర్‌షీట్ రాయమంటే మొదట ససేమిరా అంది. ఇప్పుడేమో రొటేషన్ (ఆడేవాళ్లు కోర్టులో వరసగా చోట్లు మారడం) ఎక్కడ తప్పిందో, 24-24 అయితే రెండు పాయింట్ల తేడా వచ్చేదాకా సెట్ ఎందుకు ఆగదో నాకే పాఠం చెబుతోంది. పెన్సిల్ చెక్కుకుని మరీ వెళ్తుంది. నిన్న టీమ్ పిల్లలు "మన స్కోరర్ ఏది?" అని వెతికారట. ఆ మాట చెబుతున్నప్పుడు దాని మొహం చూడాలి!

ఆడాలన్న కోరిక మాత్రం పోలేదు. పొద్దున్నే గోడకి బంతి కొడుతూనే ఉంది.