కాలిఫోర్నియా సెనేట్ నుంచి అమెరికా కార్మిక శాఖ అధిపతి స్థానానికి: హిల్డా సోలిస్ ప్రస్థానాన్ని ఎలా అంచనా వేయాలి?

విశాఖ_విద్యార్థి (ప్రశ్న):

సభ్యులందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదువుతున్నాను. చట్టసభ సభ్యులుగా ఉండి తరువాత ప్రభుత్వ శాఖలకు అధిపతులైన వారి గురించి సెమినార్ పత్రం రాయవలసి ఉండగా, అమెరికాకు చెందిన హిల్డా సోలిస్ గారిని ఎంచుకున్నాను. ఆమె 1992లో కాలిఫోర్నియా అసెంబ్లీకి, 1994లో అదే రాష్ట్ర సెనేట్‌కు, 2000లో అమెరికా ప్రతినిధుల సభకు ఎన్నికయ్యారు. 2009 ఫిబ్రవరి నుంచి 2013 జనవరి వరకు ఒబామా ప్రభుత్వంలో కార్మిక శాఖను నడిపారు.

నాకు రెండు సందేహాలున్నాయి. మన లెక్కలో ఆమెను మంత్రి అనాలా, శాఖాధిపతి అనాలా? పదవి చేపట్టేందుకు ఆమె సభ్యత్వాన్ని ఎందుకు వదులుకోవలసి వచ్చింది? ఇక రెండవది, ఆమెకు ఆ పదవి పార్టీలో పలుకుబడి వల్ల దక్కిందే తప్ప శాసనసభ్యురాలిగా గడించిన అనుభవం శాఖను నడపడానికి పెద్దగా అక్కరకు రాలేదని మా గైడ్ గారి అభిప్రాయం. మీరేమంటారు?

సచివాలయం_విశ్రాంత:

మీ మొదటి సందేహానికి నాకు తెలిసినంతలో సమాధానం చెబుతాను. మన సచివాలయంలో ఒక ఫైలు సెక్షన్‌లో పుట్టి, మెట్టు మెట్టుగా ప్రిన్సిపల్ సెక్రటరీ దాకా వెళ్లి, విధాన నిర్ణయం అవసరమైతే మంత్రి గారి సంతకానికి చేరుతుంది. క్షేత్రస్థాయి యంత్రాంగమంతా కార్మిక శాఖ కమిషనర్ చేతిలో ఉంటుంది, మనం హెచ్‌వోడీ (శాఖాధిపతి) అనేది ఆయననే. అంటే ఒకే శాఖకు సచివాలయంలో ఒక ఐఏఎస్ అధికారి, బయట ఒక హెచ్‌వోడీ, అందరి పైన ఒక మంత్రి ఉంటారు. అమెరికాలో సెక్రటరీ అనే వ్యక్తి (సోలిస్ గారి పదవి అదే) రాజకీయంగానూ పాలనాపరంగానూ శాఖకు అధిపతి. సెక్రటరీ కింద ఉండే పెద్ద పదవులలో కూడా చాలావరకు అధ్యక్షుడు నియమించినవారే ఉంటారు.

సభ్యత్వం విషయానికి వస్తే, రెండు రాజ్యాంగాలు సరిగ్గా ఎదురెదురు దారుల్లో నడుస్తాయి. మన 164వ అధికరణం ప్రకారం చట్టసభ సభ్యుడు కాని మంత్రి ఆరు నెలలలోపు సభ్యుడు కాలేకపోతే పదవి పోతుంది. అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణంలోని ఆరవ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పదవిలో ఉన్న వ్యక్తి కాంగ్రెస్ ఉభయ సభల్లో దేనిలోనూ సభ్యుడుగా ఉండరాదు. అందువల్ల సోలిస్ గారు సభ్యత్వానికి రాజీనామా చేయక తప్పలేదు. నిన్నటి దాకా కమిటీ బల్లకు ఇవతల కూర్చుని అధికారులను నిలదీసిన వ్యక్తి, శాఖాధిపతి అయ్యాక అదే కమిటీ ముందు సాక్షిగా కూర్చుని సమాధానం చెప్పుకోవాలి. నియామకానికే సెనేట్ ఆమోదం కావాలి కదా. ఆమెకు 80-17 ఓట్లతో ఆమోదం దొరికింది కానీ, భర్త వ్యాపారానికి సంబంధించిన పాత పన్ను బకాయిల గొడవ వల్ల, కార్మిక సంఘాల ఏర్పాటును సులభతరం చేసే బిల్లుపై ఆమె వైఖరి వల్ల అది ఆలస్యమైంది. మన దగ్గర ముఖ్యమంత్రి పేరు పంపితే చాలు, ప్రమాణ స్వీకారం సాయంత్రానికే అయిపోవచ్చు!

శాన్‌గాబ్రియెల్_తెలుగు:

మీ గైడ్ గారితో నేను ఏకీభవించలేను. నేను ఉంటున్నది ఆమె రాష్ట్ర సెనేట్‌లో ప్రాతినిధ్యం వహించిన ప్రాంతం పక్కనే కాబట్టి ఇక్కడి సంగతులు కొంత తెలుసు.

1995 ఆగస్టులో, లాస్ ఏంజెలెస్‌కు తూర్పున ఉన్న ఎల్ మోంటె పట్టణంలో ఒక అపార్ట్‌మెంట్ సముదాయంపై అధికారులు తెల్లవారకముందే దాడి చేశారు. చుట్టూ ముళ్లతీగ వేసి, కాపలా పెట్టి, థాయ్‌లాండ్ నుంచి తెచ్చిన 72 మంది చేత లోపల బట్టలు కుట్టిస్తున్నారు. వారిలో ఎక్కువమంది స్త్రీలు, కొందరు ఏళ్ల తరబడి బయటి వీధి చూడనివారు. కనీస వేతన చట్టం, ఓవర్‌టైం చట్టం అప్పటికే ఉన్నాయి. లేనిది ఆ తలుపు తట్టే ఇన్‌స్పెక్టర్. సోలిస్ గారు ఆ రోజుల్లో రాష్ట్ర సెనేట్‌లో కార్మిక వ్యవహారాల కమిటీని నడిపి, గార్మెంట్ పరిశ్రమలో తనిఖీల తీరును పట్టించుకున్నారు. (ఆ థాయ్ కార్మికుల తరఫున వాదించిన యువ న్యాయవాది జూలీ సూ తరువాత 2023లో అదే కేంద్ర కార్మిక శాఖకు తాత్కాలిక అధిపతి కావడం గమనించదగ్గ విషయం.)

మరుసటి ఏడాది కనీస వేతనం పోరాటం జరిగింది. 1988 నుంచి రాష్ట్రంలో గంటకు 4.25 డాలర్ల దగ్గరే ఆగిపోయిన కనీస వేతనాన్ని 5.75 డాలర్లకు పెంచే ప్రతిపాదనను, శాసనసభ మార్గంలో పని జరిగేలా లేదని గ్రహించి, నేరుగా ప్రజల ఓటుకు పెట్టించడంలో ఆమె ముందు నిలిచారు. తన ఎన్నికల నిధి నుంచి 50,000 డాలర్లు ఇచ్చారు కూడా. ప్రపోజిషన్ 210 పేరుతో 1996 నవంబరులో అది నెగ్గింది.

ఈ నేపథ్యం తెలిస్తే, 2009లో శాఖ చేతికి రాగానే వేతనాల తనిఖీ విభాగంలో దాదాపు 250 మంది ఇన్‌స్పెక్టర్లను అదనంగా నియమించడానికి ఆమె ఎందుకు పట్టుబట్టారో అర్థమవుతుంది. అమెరికాలోని మనవాళ్లకు కార్మిక శాఖ అంటే హెచ్-1బీ వీసాకు కావలసిన ఎల్‌సీఏ (జీతం, పని వివరాలతో యజమాని పెట్టే దరఖాస్తు), గ్రీన్ కార్డు దారిలో వచ్చే పెర్మ్ (కార్మిక శాఖ ఇచ్చే ధ్రువీకరణ) మాత్రమే గుర్తొస్తాయి. ఎల్‌సీఏలో రాసిన జీతం యజమాని ఇవ్వకపోయినా, బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపేసినా ఫిర్యాదు వెళ్లేది ఈ తనిఖీ విభాగానికేనన్న సంగతి చాలామందికి తెలియదు.

కోల్‌బెల్ట్_వాసి:

పై సభ్యులు చెప్పినదంతా నిజమే కానీ, చిత్రంలో సగమే కనిపిస్తోంది. మాది సింగరేణి కుటుంబం కాబట్టి నా దృష్టి గనుల మీదకే పోతుంది. మన దేశంలో గనుల భద్రతను చూసే డీజీఎంఎస్, ధన్‌బాద్‌లో ఉన్నా, కేంద్ర కార్మిక మంత్రిత్వ శాఖ కిందికే వస్తుంది. అమెరికాలోనూ ఆ పని చేసే ఎంషా కార్మిక శాఖలో భాగమే.

2010 ఏప్రిల్ 5న వెస్ట్ వర్జీనియాలోని అప్పర్ బిగ్ బ్రాంచ్ బొగ్గు గనిలో పేలుడు జరిగి 29 మంది చనిపోయారు. పదేపదే ఉల్లంఘనలు చేసే గనులను ప్రత్యేక నిఘాలో పెట్టే నిబంధన అప్పటికే ఉన్నా, కంప్యూటర్ లెక్కలో జరిగిన పొరపాటు వల్ల ఈ గని ఆ జాబితాకు ఎక్కలేదు. ప్రమాదకర పరిస్థితులను, లోపాలను కంపెనీ రెండు రకాల పుస్తకాలలో రాసిందని, తనిఖీదారుకు చూపేది ఒకటి, తమ కోసం దాచుకునేది మరొకటి అని 2011 డిసెంబరులో వచ్చిన దర్యాప్తు నివేదిక తేల్చింది. ఎంషా తన మీద తాను జరుపుకున్న సమీక్షలో సొంత ఇన్‌స్పెక్టర్ల లోపాలు కూడా బయటపడ్డాయి. చట్టాన్ని కఠినం చేయడానికి తెచ్చిన బిల్లు కాంగ్రెస్ గడప దాటలేదు. ముందస్తు సమాచారం ఇవ్వకుండా ప్రమాదకర గనులపై మెరుపు తనిఖీలు మొదలుపెట్టడం శాఖ వెంటనే చేయగలిగింది. నిఘా జాబితా నిబంధనను సవరించడానికి మాత్రం 2013 జనవరి దాకా పట్టింది, అంటే ఆమె పదవి విడిచిన నెల దాకా.

శాసనసభ్యురాలి అనుభవం చాలని చోటు ఇదే. సభలో ఓట్లు కూడగడితే బిల్లు గట్టెక్కుతుంది. శాఖలో ఒక నిబంధన రావాలంటే ముసాయిదా ప్రచురించి, అభ్యంతరాలు స్వీకరించి, వాటికి సమాధానం రాసి, కోర్టులో నిలిచేలా తీర్చిదిద్దాలి. మన కనీస వేతనాల నోటిఫికేషన్లకూ ముసాయిదా, అభ్యంతరాల దశ ఉంటుంది కాబట్టి ఇది మనకు కొత్తేమీ కాదు. వ్యవసాయంలో ప్రమాదకరమైన పనులు పిల్లల చేత చేయించరాదని 2011లో ఆమె శాఖ ప్రతిపాదించిన నిబంధన రైతు కుటుంబాల, వ్యవసాయ సంఘాల వ్యతిరేకతతో 2012 ఏప్రిల్‌లో వెనక్కి పోయింది. ఇళ్లలో వృద్ధులకు సేవ చేసే వారికి కనీస వేతనం, ఓవర్‌టైం వర్తింపజేసే నిబంధన 2011 డిసెంబరులో మొదలై, ఆమె వెళ్లిపోయాక 2013లో ఖరారైంది. ఆ కీర్తి తరువాతి శాఖాధిపతి ఖాతాలో పడింది, అన్యాయమే అనుకోండి. కాబట్టి మీ గైడ్ గారి మాట పూర్తిగా తీసిపారేయదగినది కాదు: ఏం చేయాలో చట్టసభ ఆమెకు నేర్పింది, ఎంతకాలం పడుతుందో నేర్పలేదు.

విశాఖ_విద్యార్థి:

అందరికీ కృతజ్ఞతలు. కోల్‌బెల్ట్ వాసి గారు ఇచ్చిన గని ఉదాహరణను పత్రంలో ప్రధాన భాగంగా పెట్టుకుంటాను. చివరగా ఒక్క ప్రశ్న: కేంద్ర శాఖను నడిపిన వ్యక్తి తరువాత కౌంటీ (మన జిల్లా వంటిది) స్థాయి పదవికి పోటీ చేయడం ఒక మెట్టు దిగినట్లు కాదా?

శాన్‌గాబ్రియెల్_తెలుగు:

మన జిల్లా పరిషత్తును ఊహించుకుంటే అలాగే అనిపిస్తుంది. కానీ లాస్ ఏంజెలెస్ కౌంటీ జనాభా దాదాపు కోటి, దాని మొత్తాన్నీ పాలించే బోర్డులో సభ్యులు ఐదుగురే. అంటే ఒక్కొక్కరి కింద సుమారు 20 లక్షల మంది. 2014లో ఆమె గెలిచిన స్థానం అలాంటిది. పైగా ఆ బోర్డుకు చట్టాలు చేసే అధికారం, ఆసుపత్రులు, జైళ్లు, సంక్షేమం వంటి విభాగాలపై పాలనాధికారం రెండూ ఉంటాయి. ఈ కలగలుపు మంచిది కాదన్న వాదన ఎప్పటి నుంచో ఉంది. 2024 నవంబరులో కౌంటీ ఓటర్లు బోర్డును తొమ్మిది మందికి పెంచి, పాలనకు విడిగా ఒక అధిపతిని ఎన్నుకునే మార్పును ఆమోదించారు. మీ పత్రానికి ఆ మార్పు మీద ఒక పేరా జోడించండి, రెండు అధికారాలనూ చూసిన వ్యక్తిగా ఆమె ప్రస్థానంతో అది నేరుగా ముడిపడుతుంది.