తెల్లారేసరికి మంచం దగ్గర ఏదో ఒకటి: మా పిల్లి వేటకు దారేమిటి?

పెరటి జాజి:

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర ఒక ఊరు. ఇంటి వెనక పెరడు, దాని వెనక కొబ్బరి తోట, ఆపైన పంటకాలువ. ఏడాదిన్నర కిందట వానలో తడిసి వణుకుతూ వచ్చిన పిల్లికూనను మా అమ్మాయి పెంచుకుంటానంటే సరేనన్నాం. ఒంటి రంగు చూసి బెల్లం అని పేరు పెట్టింది. ఆడపిల్లి. ఆపరేషన్ చేయించాం.

మొదట్లో బల్లులు, బొద్దింకలతో సరిపెట్టుకునేది. తర్వాత ఎలుకలు పట్టింది, వీధంతా మెచ్చుకున్నారు. ఇప్పుడు పిచ్చుకల మీద పడింది. వరండాలో పిచ్చుకల కోసం వరి కుచ్చు కట్టాం, సరిగ్గా దాని కిందే కాపు కాస్తోంది. మొన్న శుక్రవారం ఇంకా చీకటి విడవకముందే నా కాళ్ల దగ్గర ఏదో కదిలింది. ఫోన్ లైటు వేసి చూస్తే ఉడుత. తోక సగం లేదు, బొచ్చు తడిసి ఉంది, పొట్ట మాత్రం ఎగసిపడుతోంది. బెల్లం పక్కనే కూర్చుని నా మొహంలోకి చూస్తోంది, మెచ్చుకోమన్నట్టు. అత్తయ్యగారు లేచి చూసి, "రాముడు వీపు నిమిరిన జీవం, శుక్రవారం పూట" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. ఎండెక్కేలోపే ఉడుత పోయింది.

మేము శాకాహారులం. దానికి రెండు పూటలా పెరుగన్నం, పాలు కడుపునిండా పెడతాం. అయినా ఈ బుద్ధి ఏమిటి? దానికి తోడు వచ్చే నెల మా ఆడపడుచు కాన్పుకి వస్తోంది. ఆలోపు పిల్లిని మార్కెట్ దగ్గర వదిలేసి రమ్మంటున్నారు అత్తయ్యగారు. అమ్మాయి అన్నం మానేసి కూర్చుంది. కొట్టకుండా, వదిలేయకుండా దారి ఏదైనా ఉంటే చెప్పండి.

కాకినాడ కాజా:

పిల్లి వేటాడక భజన చేస్తుందా అండీ! మెడలో ఓ గంట కట్టండి, అయిపోతుంది.

మూడో అంతస్తు:

గంట కట్టమనడం తేలికే. మేం కట్టాం. పట్టుదారానికి మువ్వ గుచ్చి ముడి వేశాం. రెండో రోజు ఒళ్లు నాక్కుంటుంటే కింది దవడ దారంలో ఇరుక్కుపోయింది. నోరు మూయలేక, అరవలేక మంచం కింద దూరింది. కత్తెరతో కోసేసరికి నా చేతులు రక్తాలు. కడితే గట్టిగా లాగితే దానంతట అదే ఊడే పట్టీ కట్టండి. దారం, రిబ్బను, కుక్కపిల్లల బెల్టు వద్దే వద్దు.

పశువుల డాక్టర్ (రిటైర్డ్):

జాజి గారూ, ముందు ఆ పెరుగన్నం సంగతి చెప్పాలి. మీరు ప్రేమగానే పెడుతున్నారు, కాదనను. కానీ పిల్లి మనలాగా, కుక్కలాగా అన్నం మీద బతికే జంతువు కాదు. టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే రావాలి. అది చాలకపోతే చూపు, గుండె దెబ్బతింటాయి. ఇన్నాళ్లూ ఆ లోటును ఎలుకలు, పిచ్చుకలతో అదే పూడ్చుకుంటూ ఉండి ఉంటుంది. పైగా పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలవుతాయి.

మీ ఇంట్లో మాంసం వండక్కర్లేదు. పిల్లుల కోసమే చేసిన డ్రై ఫుడ్, తడి పౌచ్‌లు దొరుకుతాయి. ప్యాకెట్ వెనక పదార్థాల వరుసలో మొదట కోడి గానీ చేప గానీ ఉన్నది తీసుకోండి. మొదటే మొక్కజొన్న, గోధుమ కనిపిస్తే వద్దు. మార్పు ఒక్కరోజులో చేయకండి, పాత తిండిలో కొంచెం కొంచెం కలుపుతూ వారం పది రోజుల్లో మార్చండి. ఎప్పుడైనా ఉడికించిన గుడ్డు పెట్టొచ్చు. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూరలు మాత్రం పెట్టకండి, పిల్లికి అవి విషం.

తిండి మారిస్తే వేట తగ్గుతుందా అంటే, తగ్గుతుంది. మానదు. 2021లో ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వాళ్లు 355 పెంపుడు పిల్లుల మీద చేసిన అధ్యయనం అచ్చయింది. ధాన్యం లేకుండా మాంసం ఎక్కువగా ఉన్న తిండి పెట్టిన ఇళ్లలో పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడించిన ఇళ్లలో 25 శాతం తగ్గింది. మెడకు రంగురంగుల గుడ్డపట్టీ తొడిగితే పక్షుల సంఖ్య 42 శాతం పడిపోయింది. పక్షులకు రంగులు బాగా కనబడతాయి కాబట్టి దూరం నుంచే పసిగడతాయి. ఎలుకల విషయంలో ఆ పట్టీ పనిచేయలేదు. ఇక గంట, ఆ అధ్యయనంలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ చూపించలేదు. గంట కదలకుండా నడవడం పిల్లికి పెద్ద విద్య కాదు.

ఆడించడం అంటే బంతి విసిరి ఊరుకోవడం కాదు. కర్రకు తాడు, తాడుకు నాలుగు ఈకలు కట్టి, ఎలుక గోడవారగా పాకినట్టు లాగాలి, ఆపాలి, మళ్లీ లాగాలి. అది నక్కి చూసి, ఎగిరి పట్టి, కొరికేదాకా సాగాలి. చివరికి దాని చేతికి చిక్కనివ్వండి, వెంటనే తిండి పెట్టండి. లేజర్ లైటుతో ఆడిస్తే ఎంతసేపూ దొరకక చిరాకు పడుతుంది. పొద్దు గూకేవేళ ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి చేస్తే తెల్లవారుజామున మీ నిద్ర మీకు దక్కుతుంది.

కొట్టొద్దు, తిట్టొద్దు. ఎందుకు కొట్టారో దానికి అర్థం కాదు. తెచ్చినదాన్ని మీకు కనబడకుండా దాచడం మాత్రం నేర్చుకుంటుంది, రెండు రోజుల తర్వాత బీరువా వెనక నుంచి వాసన వస్తుంది.

పెరటి జాజి:

డాక్టర్ గారూ, బీరువా వెనక ఇప్పటికే ఒకసారి అయింది. కాన్పుకి వచ్చే మనిషి సంగతి కూడా చెప్పండి. అత్తయ్యగారి భయమంతా అదే.

పశువుల డాక్టర్ (రిటైర్డ్):

ఆవిడ భయం పూర్తిగా ఉత్తదేం కాదు. టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి ఎలుకలు, పక్షుల మాంసం నుంచి పిల్లికి వస్తుంది, పిల్లి మలంలో బయటపడుతుంది. గర్భిణికి కొత్తగా సోకితే కడుపులోని బిడ్డకు ప్రమాదం. అయితే పిల్లి సాధారణంగా మొదటిసారి సోకినప్పుడే, అదీ ఒకటి నుంచి మూడు వారాల పాటే దాన్ని వదులుతుంది. బయటపడ్డాక కూడా అది సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. అందుకే మలం ఏ రోజుది ఆ రోజు తీసేయాలి. ఆ పని మీరు చేయండి, మీ ఆడపడుచు చేయకూడదు. పెరట్లో మట్టి పని ఆవిడతో చేయించకండి. ఆకుకూరలు, కూరగాయలు బాగా కడగండి, ఎందుకంటే మనుషులకు ఇది పిల్లిని నిమిరినందుకంటే సరిగ్గా ఉడకని మాంసం నుంచి, మట్టి అంటిన కూరల నుంచే ఎక్కువగా వస్తుంది. ఆవిడను చూసే లేడీ డాక్టర్‌కు ఇంట్లో పిల్లి ఉందని ఒక మాట చెప్పండి.

వేటాడే పిల్లికి మూడు నెలలకోసారి నులిపురుగుల మందు వేయించాలి. ఎలుకల నుంచి బద్దెపురుగు వస్తుంది, దానికి మామూలు మందు చాలదు. ప్రాజిక్వాంటెల్ ఉన్నది రాయమని అడగండి. తోక కింద బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అవి బద్దెపురుగు ముక్కలే. రేబిస్ టీకా ఏటా వేయించండి. దాని నోట్లోంచి ఏదైనా లాగేటప్పుడు కరిచినా గీరినా, ఇంటి పిల్లే కదా అని ఊరుకోకుండా సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి.

గోదావరి గట్టు:

డాక్టర్ గారు అన్నీ చెప్పారు. నాకు తెలిసింది ఒక్కటే, అది పోగొట్టుకుని తెలుసుకున్నాను.

మాది చేల పక్క ఇల్లు. కిందటేడు నాట్లయ్యాక చుట్టుపక్కల అందరూ ఒకేసారి ఎలుకల మందు పెట్టారు. నూకల్లో నూనె, బ్రోమోడయోలిన్ కలిపి పొట్లాలు కట్టి బొరియల్లో పెడతారు కదా, అదే. మందు తిన్న ఎలుక అక్కడే పడి చావదు. రెండు మూడు రోజులు మత్తుగా తిరుగుతుంది. అలాంటి ఎలుకను పట్టడం పిల్లికి ఎంత పని? మా నల్లోడు వరసగా నాలుగు రోజులు రోజుకొకటి తెచ్చాడు. మేం మురిసిపోయాం. అయిదో రోజు గోడ ఎక్కబోయి జారాడు. చిగుళ్లు చూస్తే సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ముక్కు దగ్గర చిన్న రక్తపు చుక్క. ఆదివారం కావడంతో సోమవారం చూపిద్దాం అనుకున్నాం. సోమవారం దాకా ఆగలేదు వాడు.

ఇరుగుపొరుగు మందు ఎప్పుడు పెడతారో అడిగి తెలుసుకోండి. ఆ పదిహేను రోజులు పిల్లిని గడప దాటనివ్వకండి.

పశువుల డాక్టర్ (రిటైర్డ్):

గట్టు గారూ, బాధపడకండి, ఇది చాలామందికి ఆలస్యంగానే తెలుస్తుంది. ఆ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. లక్షణాలు కనబడేసరికే మూడు నుంచి అయిదు రోజులు గడిచిపోతాయి. త్వరగా తీసుకొస్తే విటమిన్ కె1 ఉంది, మూడు నాలుగు వారాలు వాడాలి, చాలావరకు బతుకుతాయి.

నల్లటి పొడి, జింక్ ఫాస్ఫైడ్, అది వేరు. దానికి విరుగుడు లేదు. అనుమానం వస్తే పాలు పట్టడం, అన్నం పెట్టడం చేయకండి. పొట్టలో ఆమ్లం పెరిగి విషవాయువు ఇంకా ఎక్కువ పుడుతుంది. ఉప్పునీళ్లు తాగించి కక్కించే పని కూడా వద్దు, ఆ ఉప్పే చంపేస్తుంది. మందు ప్యాకెట్ దొరికితే ఫొటో తీసుకుని నేరుగా ఆసుపత్రికి రండి. జిగురు అట్టకు పిల్లి అంటుకుంటే పీకకుండా వంటనూనె రాసి మెల్లగా విడదీయండి.

కాకినాడ కాజా:

నా గంట సలహా వెనక్కి తీసుకుంటున్నా. ఆ వరి కుచ్చు ఎక్కడ కట్టారండీ? పిల్లి ఉన్నచోటి నుంచి నిలువుగా అయిదారు అడుగులు అవలీలగా ఎగురుతుంది. వరండా పిట్టగోడ మీద నుంచి అయితే ఇంకా సుఖం. కుచ్చును గోడకు, స్తంభానికి దూరంగా, చూరు మధ్యలో ఎత్తుగా కట్టండి. కింద పూలకుండీలు అవీ ఉంటే జరపండి, దానికి నక్కే చోటు ఉండకూడదు. ఉడుతలు ఏ చెట్టు మీద ఉంటాయి?

పెరటి జాజి:

జామచెట్టు మీద.

కాకినాడ కాజా:

ఎలుకలు ఎక్కకుండా కొబ్బరి మానుకు రేకు చుడతారు కదా, అదే పని జామచెట్టుకూ చేయండి. నున్నటి రేకు రెండడుగుల వెడల్పున, నేల నుంచి అయిదడుగుల పైన. మాను లావెక్కుతుంది కాబట్టి ఏడాదికోసారి వదులు చేయాలి. ప్రహరీ మీదికి వాలిన కొమ్మ కొట్టేయకపోతే మాత్రం రేకు చుట్టినా దండగే. కొట్టే ముందు ఆ కొమ్మ మీద గూడు ఉందేమో చూసుకోండి.

మెల్‌బోర్న్ మామ:

ఇక్కడ చాలా కౌన్సిళ్లలో చీకటి పడ్డాక పిల్లి బయట తిరిగితే యజమానికి జరిమానా. క్యాన్‌బెరాలో అయితే 2022 జూలై 1 తర్వాత పుట్టిన పిల్లులు పగలూ రాత్రీ సొంత ఆవరణలోనే ఉండాలి. మా ఆవిడ కిటికీ బయట జాలీతో చిన్న గది కట్టించింది, పిల్లి అందులో కూర్చుని పిట్టల్ని చూసి పళ్లు టకటకలాడిస్తుంది. మీ వరండాలో ఒక మూల జాలీ కొట్టినా అదే పని.

మూడో అంతస్తు:

కొనప్రాణంతో తెచ్చినప్పుడు ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ముందు పిల్లిని వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. పిట్ట మీద పాత గుడ్డ కప్పి ఎత్తి, చిల్లులున్న అట్టపెట్టెలో పెట్టి చీకటిగా, వెచ్చగా ఉంచండి. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బయటికి గాయం కనబడకపోయినా డాక్టర్‌కు చూపించాలి. పిల్లి కోరల్లో ఉండే సూక్ష్మజీవులకు పిట్ట ఒకటి రెండు రోజుల్లో పోతుంది, యాంటీబయాటిక్ పడితేనే ఆశ. మొన్నటి ఉడుతకూ అదే అయి ఉంటుంది.

పెరటి జాజి (నెల రోజుల తర్వాత):

అందరికీ చెప్పాలని వచ్చాను. బెల్లం ఇంట్లోనే ఉంది. సాయంత్రం దీపం పెట్టే వేళకు లోపలికి పిలిచి తలుపు వేస్తున్నాం, మళ్లీ మా టిఫిన్లయ్యాకే వదులుతున్నాం. మొదటి నాలుగు రాత్రులు తలుపు గీరి గీరి ఎవరినీ పడుకోనివ్వలేదు, అయిదో రాత్రి నుంచి సర్దుకుంది. ఈ నెలలో ఒక పిచ్చుక, రెండు ఎలుకలు, లెక్కలేనన్ని బల్లులు. ఉడుత లేదు. అంతకు ముందు నెల పిచ్చుకలే ఆరు.

ఆడపడుచు వచ్చింది. వాళ్ల డాక్టర్ కూడా మీరు చెప్పినట్టే చెప్పారు. మలం తీసే డ్యూటీ మా ఆయనది. అత్తయ్యగారు పౌచ్ వాసనకు ముక్కు మూసుకుని, వంటింట్లోకి తేవద్దన్నారు. దాని గిన్నె, చెంచా పెరట్లో కుళాయి దగ్గరే ఉంటున్నాయి. కానీ ఈకల కర్ర ఆడించేది రోజూ ఆవిడే, సీరియల్ మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు.

ఒక్క సందేహం మిగిలింది. నిన్న చుంచును చంపి తెచ్చి, ముట్టుకోకుండా గడపలో పడేసి పోయింది. దానికి ఒంట్లో బాగాలేదా?

పశువుల డాక్టర్ (రిటైర్డ్):

బాగానే ఉంది. చుంచు ఒంటి కంపుకు పిల్లులు సాధారణంగా దాన్ని తినవు, చంపి వదిలేస్తాయి. చేతికి కవరు తొడుక్కుని పట్టుకుని, ఆ కవరే తిరగేసి ముడివేసి పారేయండి. పడిన చోట బ్లీచింగ్ నీళ్లు చల్లి పది నిమిషాలాగి తుడవండి.