కిరసనాయిలులో ఆయిలు దండగేనా?

"కిరోసిన్ అంటేనే నూనె, మళ్ళీ పక్కన ఆయిలు ఎందుకు? కిరసనాయిలు తప్పుమాట" అని నిన్న ఒక మిత్రులు రాశారు. నేను ఒప్పుకోలేను. లాంతరు చిమ్నీ తుడుస్తూ పెరిగినవాణ్ణి, ఆ మాట మీద నాకు మమకారం ఎక్కువ. మమకారం సంగతి అలా ఉంచి, మాట పుట్టుక చూడండి.

కిరోసిన్ అన్న పేరు పెట్టినవాడు కెనడాలోని నోవా స్కోషియాలో పుట్టిన అబ్రహాం గెస్నర్. చదివింది వైద్యం, మనసంతా రాళ్ళూ ఖనిజాల మీద. 1846లో ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలో, బొగ్గును మూసిన పాత్రలో కాచి, ఆవిరిని చల్లార్చి తీసిన నూనెతో దీపం వెలిగించి చూపించాడు. తర్వాత ఆ నూనెను ఆమ్లంతో, సున్నంతో శుద్ధిచేసే పద్ధతి కుదిర్చి, 1854లో అమెరికాలో పేటెంట్లు తీసుకున్నాడు.

గ్రీకులో 'కేరోస్' అంటే మైనం, 'ఎలైయోన్' అంటే నూనె. రెంటినీ కలిపి గెస్నర్ మొదట అనుకున్న పేరు 'కెరోసెలైన్', అంటే మైనపు నూనె. అప్పట్లో దీపాల్లో పోసే టర్పెంటైన్ సరుకును క్యాంఫీన్ అనేవారు. జనానికి అలవాటైన ఆ పేరుకు దగ్గరగా ఉండేలా తన మాటను కుదించి కిరోసిన్ చేశాడు. ఆ కుదింపులో ఊడిపోయింది నూనె ముక్కే! 'ఆయిల్' కూడా ఆ ఎలైయోన్ నుంచే లాటిన్ మీదుగా వచ్చింది. అంటే, కిరసనాయిలు అన్నప్పుడల్లా గెస్నర్ కోసేసిన ముక్కను మనం తిరిగి అతికిస్తున్నాం.

ఇంకొకటి. ఎలైయోన్‌కు మూలం ఆలివ్ చెట్టు పేరు. సంస్కృతంలో తిల, అంటే నువ్వుల నుంచి తైలం. మన నూనె నువ్వుల నెయ్యి. నూపప్పు, నూపొడిలో ఉన్న 'నూ'యే అందులోనూ ఉంది. తమిళుల ఎణ్ణెయ్ కూడా ఎళ్ళు (నువ్వులు), నెయ్యి కలిసిందే. ఈ లెక్కన కొబ్బరినూనె అంటే కొబ్బరి నువ్వుల నెయ్యి! దాన్ని ఎవరూ తప్పనరు. కిరసనాయిలుకు మాత్రం ఈ శిక్ష ఎందుకు?

తెలంగాణలో గాసునూనె విన్నాను. తమిళంలో మణ్ణెణ్ణెయ్, అంటే మట్టినూనె. కన్నడంలో సీమె ఎణ్ణె, అంటే పరదేశపు నూనె. ఒకప్పుడు చౌకడిపోలో పోసిన ఆ నీలంరంగు నూనెను మీ ఊళ్ళో ఏమనేవారు? రాయలసీమ వాళ్ళు ముఖ్యంగా చెప్పండి.