మన ఎండల్లో క్రోకస్ పెరుగుతుందా, ఒక్కసారి పూసి ఊరుకుంటుందా?

పెన్నగట్టు (ప్రొద్దుటూరు):
సభ్యులందరికీ నమస్కారం. అనంతపురంలో ఉండే మిద్దెతోట గారు 2022లో తమ ఇంట్లో పూసిన, కుంకుమ పువ్వునిచ్చే ఊదారంగు క్రోకస్ పువ్వుల ఫోటోను మొన్న ఈ వేదికలో మళ్లీ పెట్టారు. దానిని చూసినప్పటి నుంచి మా ఇంటావిడ కుంకుమ పువ్వు గడ్డలు తెప్పించమని పోరు పెడుతున్నది. మా మిద్దె మీద పొద్దున పదకొండు దాకా ఎండ, ఆ తరువాత నీళ్ల తొట్టి నీడ ఉంటుంది. గడ్డ ఒక్కింటికి 60 రూపాయలు అడుగుతున్నారు. కొనవచ్చునా, కూడదా అన్నది మాత్రమే నా ప్రశ్న.

మిద్దెతోట (అనంతపురం):
తప్పకుండా కొనండి, అయితే పది గడ్డలకు మించవద్దు. క్రోకస్ అనగానే మంచు దేశపు పువ్వని భయపడేవారు రెండు వేరు వేరు మొక్కలను ఒకటిగా కలిపేస్తున్నారు. చలికాలం చివర మంచులోంచి తలెత్తే విదేశీ క్రోకస్‌కు మూడు నెలల పాటు తొమ్మిది డిగ్రీల లోపు చలి తగలాలి. మన దగ్గర దానిని ఫ్రిజ్‌లో పెట్టి నమ్మించాలి, అది కూడా ఆపిల్ పళ్లకు దూరంగా, ఎందుకంటే పళ్లు మాగేటప్పుడు వచ్చే వాయువు లోపలి మొగ్గను మాడ్చేస్తుంది. కుంకుమ పువ్వునిచ్చే క్రోకస్‌కు అంత చలి అక్కరలేదు. వేసవిలో ఆకూ వేరూ లేకుండా నిద్రపోతున్న గడ్డలో 23 నుంచి 27 డిగ్రీల వెచ్చదనానికి మొగ్గ కడుతుంది. ఆ తరువాత 17 డిగ్రీల చల్లదనం తగిలితే పూత బయటికి వస్తుంది.

2022 సెప్టెంబరులో నాకు అందిన 20 గడ్డలను నేను మట్టిలో పెట్టనే లేదు. చేటలో పరిచి, పడకగదిలో మంచం కిందికి తోసి, అక్టోబరు నెలంతా రాత్రిళ్లు ఏసీని 18లో ఉంచాను. నీరు పోయలేదు, వెలుతురు చూపలేదు. నవంబరు మొదటి వారంలో ఒకనాటి తెల్లవారుజామున గదిలో తేనెకూ ఎండుగడ్డికీ నడుమ ఉండే వాసన వేసింది. వంగి చూస్తే తెల్లటి మొలక చివర ఊదా మొగ్గ విచ్చుకొని, మూడు ఎర్రటి పోగులు (ఎండితే అవే కుంకుమ పువ్వు) రేకుల అంచు దాటి పక్కకు వాలి ఉన్నాయి. మొత్తం 14 పువ్వులు పూశాయి. పూత ముగిసిన తరువాత ఇసుక కలిపిన ఎర్రమట్టి కుండీలలో గడ్డలను నాటాను. ఇది పెంచడం కాకపోతే మరేమిటి?

గోంగూరకట్ట (ఆదోని):
మా ఇంట్లో ఎర్రగడ్డలు కూడా మంచం కిందనే ఉంటాయి. అవి అడగకుండానే మొలుస్తాయి, కాని ఇంతవరకు ఎవరూ ఫోటో తీయలేదు.

ఎర్రనేల (డోన్):
మిద్దెతోట గారూ, మీరు చేసినది పెంచడం కాదు, పూయించడం. ఆ 14 మొగ్గలు మీ మంచం కింద కట్టినవి కావు. గడ్డ కాశ్మీరులో ఉండగానే కట్టి, మీ ఇంట్లో విచ్చుకున్నవి. తొలి కాన్పు ఖర్చు పుట్టింటివారిది అంటారే, మీ క్రోకస్ విషయంలోనూ అదే జరిగింది. కాశ్మీరులో కుంకుమ పువ్వు పండించే పాంపూరు రైతు పెట్టిన ఖర్చును మీరు మీ ఖాతాలో రాసుకున్నారు.

నాటిన తల్లి గడ్డ ఆ ఏడాదే వడలి చచ్చిపోతుంది. దాని నెత్తిన పిల్ల గడ్డలు పుడతాయి, వాటిని సాకేవి ఆకులు. కాశ్మీరులో ఆ ఆకులు పూత వేళ మొదలై ఏప్రిల్ దాటే దాకా పచ్చగా నిలుస్తాయి. మన అనంతపురంలో డిసెంబరు, జనవరి రాత్రులు 16, 17 డిగ్రీలకు దిగినా, ఫిబ్రవరి చివరికే పగటి ఎండ 35కు చేరుతుంది. ఆకు కొసల నుంచి పసుపుబారి పండిపోతుంది. ఆరు నెలలు పాలు తాగవలసిన బిడ్డకు మూడు నెలలకే మాన్పిస్తే ఎంత ఎదుగుతుంది? ఎనిమిది గ్రాములైనా లేని గడ్డ సాధారణంగా పూయదు. వానల లెక్క కూడా తలకిందులే. దీని పుట్టుక గ్రీసు వైపు కొండవాలులలో. అక్కడ వేసవి పొడిగా ఉండి చలికాలంలో వాన పడుతుంది. అనంతపురం జిల్లాలో ఏడాదికి పడే 550 మిల్లీమీటర్లలో దాదాపు సగం సెప్టెంబరు, అక్టోబరులలోనే పడుతుంది. నిద్రలో ఉన్న గడ్డ ఆ తడికి బూజు పట్టి కుళ్లుతుంది. పెన్నగట్టు గారూ, కొనకండి.

తుంగభద్ర (కర్నూలు):
గడ్డలైనా నయం. నేను నిరుడు ఆన్‌లైన్‌లో ‘కుంకుమ పువ్వు విత్తనాలు’ అన్న పొట్లం కొన్నాను. తెల్లగా, నున్నగా, పొద్దుతిరుగుడు గింజలకు తమ్ముళ్లలా ఉన్నాయి. వేసిన ప్రతి గింజా మొలిచింది, నా సంతోషానికి హద్దు లేదు. ఆకుల అంచున ముళ్లు వచ్చిన తరువాత మా మామగారు చూసి, “ఇది కుసుమ గదా, శనగ చేనిలోకి పశువులు రాకుండా మేము చుట్టూ చల్లేవాళ్లము” అన్నారు. కుంకుమ పువ్వు క్రోకస్‌కు విత్తనమే పుట్టదని ఆ తరువాత తెలుసుకున్నాను. దానిలో క్రోమోజోములు జతలుగా కాక మూడేసిగా ఉండడం వల్ల అది గొడ్డుది. ప్రపంచంలో ఉన్న ప్రతి మొక్కా ఏదో ఒక పాత గడ్డకు పిల్లే. డబ్బు తిరిగి ఇమ్మని రాస్తే, మొక్క మొలిచిందా లేదా అని ఎదురు ప్రశ్న వేశారు.

మిద్దెతోట (అనంతపురం):
కుసుమ సంగతి ఇక్కడ అప్రస్తుతం. ఎర్రనేల గారు ‘పెంచడం’ అన్న మాటకు తమ సొంత నిఘంటువు రాస్తున్నారు. మేము చామంతి నారు కొంటాము, పూస్తుంది, ఎండాకాలంలో చస్తుంది, మరుసటి ఏడు మళ్లీ కొంటాము. చామంతిని పెంచాము అనే అంటాము గాని, నర్సరీవాడు పెంచితే మేము పూయించాము అని ఎవరైనా అంటారా? ఇక పరాయి నేల మాటకు వస్తే, వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి వచ్చినది. దానిని తీసివేస్తే మన జిల్లాలో మిగిలేదేమిటి? మొదట తెచ్చినవాడిని కూడా ఎవరో ఒకరు ఇలాగే కొనవద్దని వారించి ఉంటారు.

ఎర్రనేల (డోన్):
వేరుశనగ వేడి దేశం నుంచి వేడి దేశానికి వచ్చింది. పైగా దానికి విత్తనం ఉంది. వందలాది గింజలలో మన ఎండకు ఓర్చుకున్న మొక్కను ఏరుకొని దాని గింజలు దాచుకునే వీలుంది. గొడ్డు మొక్కలో ఏరుకోవడానికి ఏమున్నది? మీరు వంద ఏళ్లు సాకినా అది అదే గడ్డ. చామంతి నారు ఖరీదు ఎంతో, రాత్రిళ్లు నెల పాటు నడిచిన ఏసీ బిల్లు ఎంతో కూడా పక్కపక్కన రాయండి. 150 పువ్వులు కోస్తే గాని ఒక గ్రాము ఎండు కుంకుమ పువ్వు రాదు; మీ 14 పువ్వులు ఆ గ్రాములో పదో వంతు కూడా కావు.

తులసికోట (కడప):
పెన్నగట్టు అన్నగారూ, కొన్నా కొనకపోయినా వదినగారికి ఈ ఒక్క మాట చెప్పండి. వచ్చిన గడ్డలలో ఒకదానిని అడ్డంగా కోసి చూడండి. ఎర్రగడ్డలా పొరలు పొరలుగా ఉంటే అది రెయిన్ లిల్లీ. నాకు రెండు సార్లు అవే పంపారు. క్రోకస్ గడ్డ కోస్తే చామగడ్డలా లోపలంతా గట్టిగా, తెల్లగా ఉంటుంది, పైన జల్లెడలా అల్లుకున్న పీచు పొర ఉంటుంది. పూసిన తరువాత ఎర్ర పోగులను కాదు, పుప్పొడి ఉండే కేసరాలను లెక్కపెట్టండి. మూడు ఉంటే క్రోకస్. ఆరు ఉంటే అది క్రోకస్‌లా కనిపించే కొల్చికమ్ అనే వేరే మొక్క కావచ్చు. మన అడవినాభి గడ్డలో ఉండే విషమే దానిలోనూ ఉంటుంది, కనుక పిల్లలున్న ఇంట్లో పాలలో వేయడం మాట అటుంచి, చేత్తో తాకనివ్వవద్దు.

పెన్నగట్టు (ప్రొద్దుటూరు):
అమ్మా, కృతజ్ఞతలు. కొనవచ్చునా, కూడదా అన్నది ఇంకా తేలలేదు.

మిద్దెతోట (అనంతపురం):
ఎర్రనేల గారు తేలనివ్వరు. నేను ఈ వేదికలో ఏది పూయించినా ఆయన వచ్చి అది పూత కాదని నిరూపిస్తారు. నిరుడు బ్రహ్మకమలం విషయంలోనూ అది బ్రహ్మకమలం కాదు, కాక్టస్ జాతి మొక్క అని పాఠం చెప్పారు. అది నిజమే కావచ్చు, కాని రాత్రి పదకొండుకు పువ్వు విచ్చుకుంటే వీధిలోని వారందరూ వచ్చి నిలబడి చూశారు. తమ కుండీలో ఏమీ పూయనివారికి ఎదుటివారి కుండీ కంటగింపుగా ఉంటుందని నాకు అనుభవం మీద తెలిసింది. ఉద్యోగ విరమణ చేసినవాడు నాలుగు గడ్డలు మంచం కింద పెట్టుకుంటే మీకు వచ్చిన నష్టమేమిటి?

ఎర్రనేల (డోన్):
నష్టమేమిటో అడిగారు కనుక చెబుతాను. మీరు 2022లో పెట్టిన ఆ ఫోటో మా తమ్ముడి ఫోనులో ఇప్పటికీ ఉంది. “అనంతపురంలో మంచం కింద పూసినప్పుడు నంద్యాలలో ఏసీ గదిలో పూయదా” అని నన్ను నిలదీశాడు. మూడు రోజుల శిక్షణ అని ఒకరు ఫీజు కట్టించుకున్నారు, గడ్డలూ వారే అమ్మారు. పది అడుగుల గదికి థర్మోకోల్ కొట్టించి, ఇనుప అరలు పెట్టించి, మూడున్నర లక్షలు అప్పు చేశాడు. పెట్టెలు తెరిచేసరికి సగం గడ్డలు మెత్తబడి ఉన్నాయి. మొదటి ఏడాది తొమ్మిది గ్రాములు వచ్చింది. రెండవ ఏడు ఒక్క పువ్వు రాలేదు. అప్పుడు గాని, ఏటా కొత్త గడ్డలు కొనాలని వాళ్లు చెప్పలేదు. ఆ అరలు ఇప్పుడు మా ఇంట్లో చింతపండు బుట్టలు పెట్టుకోవడానికి పనికి వస్తున్నాయి.

పెంచడం, పూయించడం అని నేను పట్టుకొని వేలాడుతున్నది మాటల సరదాకు కాదు. మీ ఫోటో కింద మొదటి ఏడాది సంగతి మాత్రమే ఉంది. రెండవ ఏడాది ఏమైందో మీరు మూడేళ్లుగా ఒక్క ముక్క రాయలేదు, మొన్న మళ్లీ పెట్టినప్పుడు కూడా రాయలేదు.

గోంగూరకట్ట (ఆదోని):
నేను పైన చేసిన ఎర్రగడ్డల హాస్యాన్ని ఉపసంహరించుకుంటున్నాను.

తుంగభద్ర (కర్నూలు):
ఎర్రనేల అన్నగారూ, తప్పు గడ్డలు అమ్మినవారిది గదా. ఫోటో పెట్టినవారు ఏం చేస్తారు?

మిద్దెతోట (అనంతపురం):
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. నేను ఎవరికీ గది కట్టుకోమని చెప్పలేదు, ఎవరికీ గడ్డ అమ్మలేదు. కనుక మీ తమ్ముడి అప్పును నా నెత్తిన వేయడాన్ని ఒప్పుకోను. అసలు ఆ గడ్డలను నేను కొననూ లేదు. శ్రీనగర్‌లో చదువుకున్న మా అమ్మాయి చివరి సంవత్సరం ఇంటికి వస్తూ, పాంపూరు దగ్గర తన స్నేహితురాలి ఇంటివారు ఇచ్చినవి చున్నీలో మూటకట్టి తెచ్చింది. తరువాత తను ఉద్యోగానికి వేరే దేశం వెళ్లిపోయింది. మొన్న ఆ ఫోటోను మళ్లీ పెట్టింది తనకు చూపడానికే.

అయినా రెండవ ఏడాది సంగతి రాయలేదన్న మాట నిజం. రాయబుద్ధి కాలేదు. లెక్క నోటు పుస్తకంలో ఉంది, యథాతథంగా ఇస్తున్నాను. నాటినప్పుడు 20 గడ్డలు కలిపి 230 గ్రాములు. 2023 ఏప్రిల్‌లో తవ్వినప్పుడు 31 పిల్ల గడ్డలు, మొత్తం 118 గ్రాములు, అన్నిటికన్నా పెద్దది ఏడు గ్రాములు. ఆ నవంబరులో వాటికి గడ్డిపోచల వంటి ఆకులు వచ్చాయి, పువ్వు ఒక్కటి కూడా రాలేదు. 2024 ఆగస్టులో కుండీలను వసారాలోకి మార్చడం మరచిపోయి ఊరికి వెళ్లాను. వారం రోజుల ముసురుకు చాలా భాగం కుళ్లిపోయాయి. ప్రస్తుతం నా దగ్గర మిగిలినవి తొమ్మిది, వాటిలో పెద్దది మూడు గ్రాములు. ఈ లెక్కను ఈ రోజే ఆ ఫోటో కింద కూడా చేర్చాను.

పెన్నగట్టు (ప్రొద్దుటూరు):
ఈ లెక్కను మా ఇంటావిడకు చదివి వినిపించాను. అయిదు గడ్డలు తెప్పించమన్నది. ఒక్క నవంబరు పూసినా చాలునట, మరుసటి ఏడు అడగనన్నది. 300 రూపాయలే గదా అని నేనూ ఊరుకున్నాను.

ఎర్రనేల (డోన్):
అయిదు గడ్డలు, ఒక్క పూత అని తెలిసి కొనుక్కునేవారిని నేను వారించను. చామంతి పోలిక అప్పుడు సరిపోతుంది.

మిద్దెతోట గారూ, మీరు చేస్తున్న దానిని ఇప్పటికీ పెంచడం అనను. అయితే ఆ తొమ్మిది గడ్డలను సెప్టెంబరు దాకా మట్టిలో పెట్టకండి, గాలి ఆడే గుడ్డసంచిలో వేసి ఇంట్లో అన్నిటికన్నా చల్లని గదిలో వేలాడదీయండి. ఆకులు వచ్చాక, సంక్రాంతి దాటగానే కుండీల మీద షేడ్ నెట్ కట్టి, పడమటి ఎండ పూర్తిగా ఆపండి. మట్టి ఎండిన తరువాతనే నీరు పోయండి. ఆకులు మార్చి పదిహేను దాకా పచ్చగా నిలిస్తే మూడు గ్రాములది నాలుగు కావచ్చు. ఏప్రిల్‌లో తవ్వినప్పుడు తూకం ఇక్కడ రాయండి.

మిద్దెతోట (అనంతపురం):
తగ్గినా రాస్తాను. షేడ్ నెట్ 50 శాతానిదా, 75 శాతానిదా?