పద్నాలుగేళ్ల పెట్రోల్ కారు: లీటరుకు 16 నుంచి 11.5కు పడిపోయిన మైలేజీ

ప్రశ్న: ఉప్పల్ ఉపాధ్యాయుడు

అందరికీ నమస్కారం. 2011లో మా నాన్నగారు హైదరాబాదులో కొన్న 1.1 లీటర్ పెట్రోల్ కారును ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఇప్పటికి 1,28,000 కిలోమీటర్లు తిరిగింది. ఉద్యోగరీత్యా ఉప్పల్ నుంచి భువనగిరికి వెళ్లి రావాలి కాబట్టి రోజుకు రమారమి 80 కిలోమీటర్లు నడుస్తుంది, అందులో ఎక్కువ భాగం వరంగల్ జాతీయ రహదారి మీదే. రెండేళ్ల క్రితం వరకు ఇదే దారిలో లీటరుకు 16 కిలోమీటర్లు వచ్చేది. ఇప్పుడు 11.5 దాటడం లేదు. నెలకు 2,000 కిలోమీటర్ల లెక్కన 125 లీటర్లు సరిపోయే చోట 170 లీటర్లకు పైగా పోయించవలసి వస్తోంది.

ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, ఇంజిన్ ఆయిల్ ఇప్పటికే మార్పించాను. తేడా ఏమీ కనిపించలేదు. ఒక మెకానిక్ ఇంజిన్ విప్పి బోరు పని (అరిగిన సిలిండర్లను సరిచేసే పని) చేయించాలంటున్నారు. మరొకరు ఇదంతా ఇథనాల్ కలిసిన పెట్రోల్ ప్రభావమేననీ, చేయగలిగింది ఏమీ లేదనీ అంటున్నారు. సంబంధం ఉందో లేదో తెలియదు గానీ, ఇంకో రెండు విషయాలు కూడా చెబుతాను. గత మే నెలలో ఉప్పల్ ట్రాఫిక్‌లో ఇంజిన్ బాగా వేడెక్కితే థర్మోస్టాట్ వాల్వ్ తీసివేశారు, ఆ తర్వాత ఆ ఇబ్బంది రాలేదు. నిరుడు టైర్లు మార్చినప్పుడు 155/70 సైజు దొరకక 165/70 వేయించాను. ఇంజిన్ విప్పించే ముందు ఏయే పరీక్షలు చేయించాలో తెలిసినవారు చెప్పగలరని కోరుతున్నాను.

సమాధానం: నిండు ట్యాంకు

మీరు 11.5 అనే అంకెను ఎలా లెక్కించారో రాయలేదు, కాబట్టి అక్కడి నుంచే మొదలుపెట్టండి. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, నాజిల్ తనంతట తాను ఆగేవరకు పోయించండి. ఆగిన తర్వాత రూపాయలు సరిచేయడానికి ఇంకొంచెం పోయనివ్వకండి. ట్రిప్ మీటరును సున్నా చేసి, 300 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ అక్కడే అలాగే నింపి, పట్టిన లీటర్లతో భాగించండి. ఒక్కసారి చూసి నిర్ణయానికి రాకుండా కనీసం మూడుసార్లు చేసి సగటు తీయండి.

ఇక మీ టైర్ల విషయం. 13 అంగుళాల రిమ్ముకు 155/70 టైరు వ్యాసం దాదాపు 547 మిల్లీమీటర్లు, 165/70 టైరు వ్యాసం 561. కొత్త చక్రం ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం పోతున్నా మీటరు పాత చుట్టునే లెక్కిస్తుంది. అంటే మీరు నిజంగా నడిపిన దూరం కంటే మీటరు సుమారు 2.5 శాతం తక్కువ చూపిస్తోంది. మీ 11.5 నిజానికి 11.8 అన్నమాట. చిన్న తేడాయే అయినా లెక్కలోకి తీసుకోవాలి.

తర్వాత బ్రేకులు చూడండి. పాత కార్లలో మైలేజీ తగ్గినప్పుడు అందరూ ఇంజిన్ వైపే చూస్తారు గానీ, ముందు చక్రాల కాలిపర్ పిన్నుల్లో గ్రీజు ఎండిపోయి ప్యాడ్లు డిస్కును వదలకపోవడం, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పుపట్టి వెనుక డ్రమ్ములు పట్టి ఉండడం నేను ఎన్నోసార్లు చూశాను. హైవే మీద 15 కిలోమీటర్లు నడిపాక, బ్రేకు వీలైనంత తక్కువగా వాడి కారును నెమ్మదిగా ఆపి, నాలుగు రిమ్ముల దగ్గరా చేయి పెట్టి చూడండి. డిస్కును మాత్రం తాకకండి. ఒకటి మిగతావాటి కంటే స్పష్టంగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకుంటోందని అర్థం. జాకీ ఎత్తి చక్రాన్ని చేత్తో తిప్పి చూస్తే అది రూఢి అవుతుంది. గాలి ఒత్తిడిని ఉదయం కారు కదలకముందే, డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన పట్టికలో ఉన్న అంకెతో సరిచూడాలి.

సమాధానం: పాత షెడ్డు

ఇరవై ఏళ్లకు పైగా మెకానిక్‌గా పనిచేశాను. సర్, మీ ప్రశ్నలో సంబంధం ఉందో లేదో తెలియదంటూ మీరు రాసిన మాటే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. ఆ థర్మోస్టాట్ వాల్వ్‌ను తీసివేయకుండా ఉండవలసింది.

ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు ఆ వాల్వ్ మూసుకుని ఉండి కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వదు. కూలెంట్ 82 లేదా 88 డిగ్రీలకు, అంటే ఆ వాల్వ్ మీదే చెక్కి ఉన్న ఉష్ణోగ్రతకు చేరాక తెరుచుకోవడం మొదలుపెడుతుంది. దాన్ని తీసివేస్తే స్టార్ట్ చేసిన క్షణం నుంచీ కూలెంట్ రేడియేటర్ గుండా తిరుగుతూనే ఉంటుంది కాబట్టి, మీలా తెల్లవారుజామున హైవే మీద 80 వేగంతో వెళ్లే కారులో ఎదురుగాలికి కూలెంట్ 60, 65 డిగ్రీల దగ్గరే ఉండిపోతుంది. కూలెంట్ సెన్సర్ ఆ అంకెను ఇంజిన్ కంప్యూటరుకు పంపితే, అది ఇంజిన్ ఇంకా వేడెక్కలేదని భావించి, పాత రోజుల్లో మనం చోక్ లాగినట్టుగా పెట్రోల్ ఎక్కువ ఇస్తుంది. మీరు గంటసేపు నడిపినా ఆ చోక్ పూర్తిగా తగ్గదు.

నష్టం పెట్రోల్‌తో ఆగదు. చల్లటి సిలిండర్ గోడల మీద పూర్తిగా ఆవిరి కాని పెట్రోల్ ఆయిల్ పొరను కడిగి కిందికి దిగి, ఆయిల్‌లో కలిసి దాన్ని పలచన చేస్తుంది. రింగులు త్వరగా అరుగుతాయి. ఇప్పుడు మీకు బోరు పని అవసరం లేకపోయినా, ఇలాగే రెండు మూడేళ్లు నడిపితే నిజంగానే అవసరం పడవచ్చు. మన వేసవికి థర్మోస్టాట్ అక్కరలేదనే మాట చాలా షెడ్డుల్లో వినిపిస్తుంది, దానివల్ల పాడైన మంచి ఇంజిన్లను చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. వేడెక్కిన అసలు కారణం ఫ్యానో, రిలేయో, పూడుకుపోయిన రేడియేటరో అయి ఉంటుంది, అది అలాగే మిగిలిపోతుంది.

మీది 2011 నాటి హైదరాబాదు కారు కాబట్టి భారత్ స్టేజ్-4 కాలుష్య ప్రమాణాల రకమే అయి ఉండాలి. స్టీరింగ్ కింద 16 పిన్నుల స్కానర్ సాకెట్ ఉందేమో చూడండి. ఫోనుకు బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ పెట్టుకుని, అరగంట హైవే ప్రయాణం తర్వాత కూలెంట్ ఉష్ణోగ్రత ఎంత ఉందో ఇక్కడ రాయండి. సాకెట్ లేకపోతే హీటర్ వేసి చూడండి, గాలి గోరువెచ్చగానే వస్తుంటే అదే సమాధానం.

సమాధానం: ఇంధన లెక్క

ఇథనాల్ గురించి మాత్రమే రాస్తాను. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండే శక్తిలో దాదాపు మూడింట రెండు వంతులు. 2022లో దేశవ్యాప్తంగా 10 శాతం మిశ్రమం సాధించగా, 2025 నాటికి 20 శాతానికి చేరాం. 10 నుంచి 20కి మారడం వల్ల ఒక లీటరులోని శక్తి సుమారు 3.5 శాతం తగ్గుతుంది. ఆ లెక్కన 16 ఇచ్చిన కారు 15.5 దగ్గరికి రావాలి గానీ 11.5కు పడిపోకూడదు. మిగిలిన నాలుగు కిలోమీటర్లకు కారణాన్ని కారులోనే వెతకాలి.

స్కానర్ పెట్టినప్పుడు ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు, అంటే ఇంజిన్ కంప్యూటరు పెట్రోల్‌ను ఎంత శాతం పెంచుతోందో (ప్లస్), తగ్గిస్తోందో (మైనస్) చెప్పే అంకెలు కూడా చూడండి. ఇథనాల్ మండడానికి తక్కువ గాలి చాలు కాబట్టి, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్) పోసిన పాత కారులో లాంగ్ టర్మ్ ట్రిమ్ కొంత ప్లస్ వైపు ఉండడం సహజమే. పెద్ద మైనస్ అంకె కనిపిస్తే మాత్రం ఇంజెక్టర్ కారడమో, సెన్సర్ తప్పు చెప్పడమో జరుగుతున్నట్టు. మీ కారు కాలం నాటి కార్లు పాత రకం రబ్బరుతో వచ్చాయి కాబట్టి పెట్రోల్ గొట్టాలు పగుళ్లిచ్చాయేమో కూడా చూపించుకోండి. మైలేజీ పెంచుతాయని అమ్మే అయస్కాంతాలు, పొడుల మీద డబ్బు పెట్టవద్దు.

ఉప్పల్ ఉపాధ్యాయుడు

అందరికీ కృతజ్ఞతలు. సాకెట్ ఉంది. ఈ ఉదయం ఘట్‌కేసర్ దాటాక చూస్తే కూలెంట్ 61 డిగ్రీలు, భువనగిరి చేరేసరికి 64. అంతకు మించి పెరగలేదు. ట్రిమ్ ప్లస్ 4 చూపించింది. వెనుక ఎడమ చక్రం రిమ్ము మిగతా మూడింటి కంటే వేడిగా ఉంది.

పాత షెడ్డు

అనుకున్నదే జరిగింది. కొత్త థర్మోస్టాట్, దాని గాస్కెట్ మీ కారుకు కంపెనీ చెప్పిన ఉష్ణోగ్రతకే కొనండి, తక్కువ డిగ్రీలది ఇస్తామంటే తీసుకోవద్దు. బిగించేముందు గిన్నెలో నీళ్లు మరిగిస్తూ అందులో వేలాడదీసి తెరుచుకుంటోందో లేదో చూడండి. దాని అంచున ఉండే చిన్న గాలి రంధ్రం పైవైపుకు రావాలి. కుళాయి నీళ్లు కాకుండా డిస్టిల్డ్ వాటర్‌తో కలిపిన కూలెంట్ పోయించి, గాలి బుడగలు పూర్తిగా పోయేవరకు ఇంజిన్ నడిపించమనండి. ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీయవద్దు. పని అయ్యాక ఆయిల్ తప్పనిసరిగా మార్పించండి, ఇన్ని నెలల్లో అందులో పెట్రోల్ కలిసే ఉంటుంది. అన్నిటికంటే ముందు ఏసీ ఆపి కారును నిలబెట్టి నడుపుతూ, రేడియేటర్ ఫ్యాన్ ఏ డిగ్రీ దగ్గర తిరుగుతోందో చూడండి.

ఉప్పల్ ఉపాధ్యాయుడు

ఐదు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. థర్మోస్టాట్ వేయించాక హైవే మీద కూలెంట్ 86 నుంచి 90 మధ్య నిలకడగా ఉంటోంది. నిండు ట్యాంకు గారు చెప్పిన పద్ధతిలో మూడుసార్లు లెక్కించగా సగటున 13.9 వచ్చింది. ఆ తర్వాత వెనుక ఎడమ డ్రమ్ము విప్పితే హ్యాండ్‌బ్రేక్ కేబుల్ బిగుసుకుపోయి ఉంది. కేబుల్ మార్పించి, రెండు డ్రమ్ములూ శుభ్రం చేయించాక సగటు 14.8కి చేరింది. టైర్ల తేడా కలిపితే 15.2 అవుతుంది.

ఫ్యాన్ విషయంలోనూ పాత షెడ్డు గారు చెప్పినదే నిజమైంది. కూలెంట్ 100 డిగ్రీలు దాటినా ఫ్యాన్ తిరగలేదు, చేత్తో కొంచెం కదిలిస్తేనే మొదలైంది. మోటారులో బ్రష్షులు పూర్తిగా అరిగిపోయాయట. మే నెలలో ఇంజిన్ వేడెక్కింది అందుకే. మోటారు మార్పించాక ఉప్పల్ కూడలిలో నలభై నిమిషాలు నిలిచిపోయినా కూలెంట్ 97 దాటలేదు.