ఆర్డరు చేయని వస్తువు, దానంతటదే కొనసాగే చందా: డబ్బు కట్టాల్సిందేనా?

ప్రశ్న

ఉచిత నమూనా ఇస్తామంటే ఒక సౌందర్య సాధనాల సంస్థ వెబ్‌సైటులో కార్డు వివరాలు ఇచ్చాను. ట్రయల్ గడువు ముగియగానే నెలవారీ చందా దానంతటదే మొదలై కార్డు నుంచి డబ్బు కోతపడింది. ఇప్పుడు నేను అడగని క్రీము డబ్బా ఒకటి పార్సిలులో వచ్చింది. లోపలి చీటీలో "గడువులోగా తిప్పి పంపకపోతే కొన్నట్టే భావిస్తాం" అని రాసి, కింద బిల్లు వేశారు. రెండింటికీ చెల్లించాలా? కార్డు బ్లాక్ చేయిస్తే సరిపోతుందా?

జవాబు 1

చందా షరతుల్లో ఈ క్రీము ప్రస్తావన లేకపోతే మీరు పైసా కూడా కట్టనవసరం లేదు. అమెరికాలో 1970 నాటి తపాలా చట్టం ప్రకారం, ముందుగా కోరకుండా తపాలాలో వచ్చిన సరుకును కానుకగా ఉంచుకోవచ్చు, వాడుకోవచ్చు, పారవేయనూవచ్చు. దానికి బిల్లు పంపడమే నిషిద్ధం. యూరోపియన్ యూనియన్ 2011లో తెచ్చిన వినియోగదారుల హక్కుల ఆదేశంలోని 27వ అధికరణం కూడా, జవాబివ్వకపోవడం సమ్మతి కాదని స్పష్టంగా చెబుతోంది. అయితే పార్సిలు మీద ఉన్న పేరు, చిరునామా మీవేనా అని ఒకసారి చూసుకోండి. పొరుగువారిది పొరపాటున మీ గుమ్మానికి వస్తే దానికి ఈ నియమం వర్తించదు.

జవాబు 2

చందా సంగతి అంత తేలిక కాదు, ఎందుకంటే అక్కడ మీరు ఏదో ఒక చోట "సరే" నొక్కి ఉంటారు. ఆ క్షణంలో తెర మీద మీకు ఏం కనిపించిందన్నదే కీలకం. అమెరికాలో 2010 నాటి చట్టం ప్రకారం ఆన్‌లైన్ అమ్మకందారు కార్డు వివరాలు తీసుకోకముందే ముఖ్య షరతులన్నీ స్పష్టంగా చూపి, సమ్మతి పొంది, చందా ఆపుకొనేందుకు సులువైన మార్గం ఉంచాలి. భారతదేశంలో 2023 నవంబరు 30 నాటి మార్గదర్శకాలు 13 రకాల డార్క్ ప్యాటర్న్‌లను (కొనేవారిని మభ్యపెట్టే వెబ్‌సైటు ఎత్తుగడలను) నిషేధించాయి, చందా ఉచ్చు వాటిలో ఒకటి. ఈ-మాండేటు (డబ్బు దానంతటదే కోతపడేందుకు ముందుగా ఇచ్చే అనుమతి) కింద డబ్బు తీయడానికి కనీసం 24 గంటల ముందే ఖాతాదారుకు సమాచారం అందాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన.

కార్డు బ్లాక్ చేయిస్తే కోత ఆగవచ్చు గాని ఒప్పందం రద్దు కాదు, బాకీ నోటీసులు వస్తూనే ఉండవచ్చు. ముందు సంస్థకు రాతపూర్వకంగా రద్దు కోరి, ఆ తర్వాతే బ్యాంకులో మాండేటు తీయించి, పోయిన సొమ్ముపై ఫిర్యాదు చేయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. ఆ పేజీ మళ్లీ తెరిచి చూశాను. "ఉచితం" అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది, చందా మాట మాత్రం బటన్ కింద లేత బూడిదరంగులో, కిందికి జరిపితే గాని కనపడకుండా ఉంది. క్రీము ఊసే ఎక్కడా లేదు. రద్దుకు ఫోనే చేయాలంటున్నారు.

జవాబు 2

ఆ పేజీని వాళ్లు మార్చేలోగా తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మీ వాదనకు అదే బలమైన సాక్ష్యం. ఫోన్ చేసినా, మాట్లాడినదంతా అదే రోజు మెయిల్లో రాసి పంపండి. మీరు భారతదేశంలో ఉంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫిర్యాదు చేయవచ్చు.